కరిగిన గడ్డ, చల్లారని కాలు

నాకు ఇప్పుడు చాలావరకు నయం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే చదివేవాళ్లు సగంలోనే అయ్యో పాపం అనడం మొదలుపెడతారు, అది నాకు వద్దు. నాకు కోపం ఉంది. ఆ కోపం ఎవరి మీదో, ఎందుకో చెప్పుకోవడానికే కూర్చున్నాను. నాలాగే కాలు వాచి, ఇంట్లో నలుగురూ ఏం కాదంటుంటే నోరు మూసుకుని పని చేసుకుంటున్న ఆడది ఒక్కతె ఇది చదివి లేచి దవాఖానకు పోయినా చాలు.

మాది గద్వాల. చీరలు నేసే ఇల్లు. నూలు గుడ్డకు పట్టు అంచు కలిపి నేసే మా చీర అందరికీ తెలుసు గాని, దాన్ని నేసే కాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. మాది గుంత మగ్గం. నేలలో గుంత తీసి ఉంటుంది. దాని అంచున కూర్చుని, కాళ్లు గుంతలోకి వేలాడదీసి, కింద తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేయాలి. పొద్దున కూర్చుంటే మళ్లీ లేచేది అన్నానికే. మా ఆయన శేఖర్ ఒకప్పుడు నాకంటే చక్కగా నేసేవాడు. భుజం పట్టేసిన నాటి నుంచి పేక పోగును ఇటూ అటూ మోసే నాడె విసరలేకపోతున్నాడు. పట్టుకు రంగులు వేయడం, పడుగు సిద్ధం చేయడం ఆయన పని అయింది, మగ్గం నాదయింది.

ఆగస్టు, గద్వాల

గత ఏడాది శ్రావణ మాసం. పెళ్లిళ్ల చీరలకు తీరిక లేని రోజులు. మగ్గం మీద మామిడిపండు రంగు గుడ్డకు వంకాయ రంగు అంచు చీర ఉంది. సగం దాటాను. అప్పుడు ఎడమ కాలి పిక్క బరువెక్కింది.

మా వీధిలో కాలు వాచిందంటే ఎవరూ తల కూడా ఎత్తరు. దానికి మగ్గం కాలు అని పేరు. సాయంత్రానికి రెండు కాళ్లూ ఉబ్బుతాయి, పడుకుని లేస్తే తగ్గిపోతాయి. మా అత్తమ్మకు ఉండేది, ఆమె అత్తకు ఉండేదట. కాని నాకు వాచింది ఒక్క ఎడమ కాలే. తెల్లారినా తగ్గలేదు. ముట్టుకుంటే పొయ్యి మీంచి దింపిన గిన్నెలాగా వేడిగా ఉంది. అత్తమ్మకు చూపించాను.

"మగ్గం కాలే పిల్లా. మాకు లేకుండెనా? చీర మగ్గం దిగితే అదే దిగుతది" అన్నది.

మా ఆయన అప్పుడు అక్కడే ఉన్నాడు. పట్టు పోగులు ఆరేస్తూ ఒకసారి నా కాలు వైపు చూశాడు, మళ్లీ తన పనిలో పడ్డాడు.

ఇక్కడ మా ఇళ్ల కట్టుబాటు ఒకటి చెప్పాలి. చీర మొదలుపెట్టిన చెయ్యే దాన్ని ముగించాలి. ఒక్కొక్కరి దెబ్బ ఒక్కో తీరు. నేను పేకను కొట్టే బరువు వేరు, ఇంకొకరు కొట్టే బరువు వేరు. మధ్యలో చెయ్యి మారితే ఆ చోట గుడ్డ మీద అడ్డంగా గీత పడ్డట్టు కనిపిస్తుంది. వెలుగుకు పట్టి చూస్తే దాగదు. అందుకని మా దగ్గర మనిషికి జ్వరం వచ్చినా, ఇంట్లో చావు జరిగినా చీర ఆగుతుందే తప్ప ఇంకొకరు వచ్చి కూర్చోరు. ఆ చీర దించేదాకా ఆ మనిషికి విడుదల లేదు. ఇది మా గొప్ప అని చిన్నప్పటి నుంచి విన్నాను. నేనూ నలుగురికి చెప్పుకున్నాను.

వీధి మొగదల ఉండే ఆర్ఎంపీ చూసి, నరం పట్టింది అని సూది వేశాడు. అత్తమ్మ ఆముదం వెచ్చచేసి, మడమ నుంచి తొడ దాకా గట్టిగా తోమింది. ప్రేమతోనే తోమింది, కాదనను. నేను పళ్లు బిగపట్టి పడుకున్నాను. ఆ తోముడు నన్ను చంపి ఉండేదని తర్వాత తెలిసింది. ప్రేమతో చేసినా తప్పు తప్పే.

తోమిన మర్నాడు, ఆగస్టు చివరి రోజు పొద్దున మగ్గం మీద కూర్చుని ఉండగానే నాడె చేతిలోంచి జారింది. రొమ్ములో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. గాలి లోపలికి పోతోంది, కాని దానితో ఏ పనీ కావడం లేదు. చెమట పట్టింది. నేను పడుగు మీదికి ముందుకు వాలాను. పడుగు తెగుతుందేమోనని చేతులు అడ్డం పెట్టుకున్నది మాత్రం గుర్తుంది. ప్రాణం పోతున్నప్పుడు కూడా దారాల గురించే ఆలోచించాను. ఇప్పుడు అది తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

సెప్టెంబర్, వనపర్తి

గద్వాలలో ఒక రాత్రి ఆక్సిజన్ పెట్టి, ఇక్కడ కాదన్నారు. వనపర్తిలో ఒక ప్రైవేటు దవాఖానలో గుండె డాక్టరు ఉన్నాడని తెలిసినవాళ్లు చెబితే అక్కడికి తీసుకుపోయారు. మా ఆయన, పక్కింటి రజియక్క వచ్చారు. రజియక్కది గాజుల దుకాణం. అది మూసేసి, కట్టుకున్న చీరతోనే అంబులెన్సు ఎక్కింది.

కాలి సిరలో రక్తం గడ్డకట్టిందనీ, అందులో ఒక ముక్క తోముడుకు ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయి అడ్డం పడిందనీ డాక్టరు చెప్పాడు. గడ్డ కరిగించే సూది వేయాలి, అది వేస్తే ఎక్కడైనా రక్తం కారే ప్రమాదం ఉంది, వేయకపోతే మనిషి దక్కదు. మా ఆయన సంతకం పెట్టాడు. సూది వేశారు. కాసేపటికి ఊపిరి పనికి రావడం మొదలయింది. ఆ డాక్టరు నన్ను బతికించాడు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను. ఆయన మీద కోపం తర్వాత సంగతి.

బయట హాలు ఎట్లా ఉండేదో రజియక్కే చెప్పింది. ఇనుప కుర్చీలు, వాటి కింద సంచులు, సంచుల పక్కన పడుకున్న మనుషులు. లోపలి నుంచి ఎవరు బయటికి వచ్చినా అందరూ ఒకేసారి లేచి నిలబడేవారట. మా ఆయన ఒక్క ముద్ద తినకపోతే ఆమె బత్తాయి వలిచి ఒక్కొక్క తొన చేతిలో పెట్టిందట. లోపల వార్డులో పని చేసే ఆయమ్మ ఒకామె దువ్వెన తెచ్చి నా తల చిక్కు తీసి జడ వేసింది. "దవాఖానల ఉన్నా ఆడమనిషి ఆడమనిషి తీరుండాలె" అన్నది. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

చూడటానికి మా ఆయన పెదనాన్న వచ్చాడు. మంచం పక్కన నిలబడి, ముక్కుకు గొట్టం ఉన్న నన్ను చూసి, మా ఆయనను అడిగాడు.

"చీర యాడి దాక వచ్చింది?"

"పల్లు ఒక్కటే మిగిలింది పెదనాయినా" అన్నాడు మా ఆయన.

నా ఊపిరి యాడి దాక వచ్చింది అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంటికి పంపారు. రక్తం పలచబడే మాత్రలు ఇచ్చారు. అక్టోబర్‌లో మళ్లీ పోతే రొమ్ముకూ కాలికీ స్కాన్ తీశారు. డాక్టరు కాగితం చూసి, గడ్డ కరిగిపోయింది, అంతా బాగుంది అన్నాడు. నేను కాలు ముందుకు పెట్టాను. వాపు అట్లనే ఉంది. చీలమండ దగ్గర ఎరుపు తిరిగింది, వేడి తగ్గలేదు. నిలబడితే లోపల సలుపుతోంది.

"నొప్పి పోలేదు సార్. మంట కూడా ఉంది."

"రిపోర్టులో ఏం లేదమ్మా. భయం వల్ల అట్లా అనిపిస్తుంది. మనసులో పెట్టుకోకు."

కాలు చూడలేదు. వంగి ముట్టుకోను కూడా లేదు. నా వెనుక నిలబడ్డ మా ఆయన ఈ మాటలు విన్నాడు. ఆ రోజు నుంచి నా ఇంట్లో నా కాలికి విలువ పోయింది, ఆ కాగితానికి విలువ వచ్చింది.

అత్తమ్మ మల్దకల్ తిమ్మప్పకు మొక్కుకుని ఉంది. గడ్డ కరిగిందన్న మాట చెవిన పడగానే పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఇక ఆమె లెక్కలో రోగం ముగిసింది. "దేవుడు కరిగిచ్చె, డాక్టరు లేదనె. ఇంక నొప్పి యాడికెళ్లి వస్తుంది?" అని వచ్చినవాళ్లందరి ముందు అడిగేది. వచ్చినవాళ్లు నా కాలు చూసి, మగ్గం మీద బట్ట కప్పి ఉన్న చీర చూసి, టీ తాగి పోయేవారు. పనికి తప్పించుకుంటున్నది అనుకుంటున్నారని వాళ్ల ముఖాల్లోనే తెలిసేది.

రజియక్క ఒక్కతే వచ్చి నా కాలి కింద దిండు సర్దేది. "జర పైకి పెట్టు. ఎవరేమన్న అననీ" అనేది.

ఒక రోజు పౌరుషానికి పోయి మగ్గం ఎక్కాను. బెత్తెడంత నేశానో లేదో, కాలు నీలం రంగుకు తిరిగింది. పైకి తీసి చూపిస్తే అత్తమ్మ అన్నది, "అలవాటు తప్పింది. నాలుగు రోజులు కూసుంటే అదే సర్దుకుంటది." మా ఆయన మాట్లాడలేదు. ఆయన ఒక్కసారైనా, అమ్మా ఊరుకో, అని ఉంటే నాకింత కోపం ఉండేది కాదు. తిట్టేవాళ్లను తిరిగి తిట్టొచ్చు. నోరు మెదపని మనిషితో ఏం కొట్లాడతాం.

నవంబర్, నాగర్‌కర్నూల్

మా పుట్టిల్లు కోడేరు. పల్లి చేను పనులు చూసుకునే మా తమ్ముడు రాజు ఒకనాడు వచ్చి నా కాలు చూశాడు. అత్తమ్మతో, బావతో ఏం వాదన పెట్టుకోలేదు. "అక్కను తోలుకపోతున్న" అన్నాడు, అంతే. బస్సులో నా కాలు తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుటి సీట్లో వాళ్లు విడ్డూరంగా చూస్తుంటే వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మూడోనాడు నాగర్‌కర్నూల్ పోయాం. అక్కడ ఒక డాక్టరమ్మ. చిన్న వయసు. జనం ఎక్కువ. గోడ వెంట బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నాం. నా పక్కన ఒక ముసలాయన తన చీటీ నా చేతికిచ్చి, పిలుస్తే లేపు బిడ్డా అని నిద్రపోయాడు. లోపలికి పోయేసరికి మధ్యాహ్నం దాటింది. ఈమె కూడా కాగితం చూసి పంపేస్తుందని నేను ముందే కోపంగా పోయాను.

ఆమె కాగితం పక్కన పెట్టింది. నన్ను నిలబెట్టి, తాను నేల మీద గొంతుక్కూర్చుని, రెండు కాళ్లనూ టేపుతో కొలిచింది. బొటనవేలితో నొక్కి, గుంట పడి ఎంతసేపు ఉంటుందో చూసింది. అరచేయి పెట్టి, "ఎప్పటి నుంచి ఇంత వేడి?" అని అడిగింది.

ఆగస్టు నుంచి ఆ కాలిని ముట్టుకుని అడిగిన మొదటి మనిషి ఆమె. నేను అక్కడే ఏడ్చాను. నా తమ్ముడు తల తిప్పుకున్నాడు.

"గడ్డ కరిగిందన్నరు మేడం. మరి ఈ మంట ఏంది? నేను నాటకం ఆడుతున్ననా?"

"లేదమ్మా. కూర్చో, చెబుతా." ఆమె కుర్చీ లాక్కుని నాకు ఎదురుగా కూర్చుంది. "రక్తం గడ్డకట్టడమంటే సన్నని పోగులతో ఒక వల పడటం. ఆ వలను కోసే ఎంజైమ్ ఒకటి మన రక్తంలోనే ఉంటుంది. ప్లాస్మిన్ అంటాం. మామూలప్పుడు నిద్రలో ఉంటుంది. వనపర్తిలో నీకు వేసిన సూది దాన్ని లేపింది. అది నీ ఊపిరితిత్తుల్లో గడ్డను కరిగించింది. కాలిలో ఉన్న గడ్డను మాత్రం నీ ఒళ్లే, అదే ఎంజైమ్‌తో, వారాల తరబడి మెల్లగా కరిగించుకుంది."

"మంచిదే కద మరి."

"మంచిదే. కాని అది గడ్డను కోసి ఊరుకోదు. చుట్టూ కండను పట్టి ఉంచే అల్లిక ఉంటుంది, దాన్ని కూడా అక్కడక్కడ తెంపుతుంది. రోగాలతో కొట్లాడే తెల్ల కణాలకు అట్లా దారి దొరుకుతుంది. రమ్మని వాటికి కబురు పోయేది కూడా దాని వల్లనే. అవి గుంపుగా వచ్చి చేరతాయి. అవి చేరిన చోట వాపు, వేడి, నొప్పి. పని అయినాక వెళ్లిపోవాలి. కొందరిలో వెళ్లవు, ఉండిపోయి సిర గోడను పాడుచేస్తాయి. ఎవరిలో ఎందుకు ఉండిపోతాయో మాకు ఇంకా పూర్తిగా తెలియదు. నీకు సిర లోపలి కవాటాలు కూడా దెబ్బతిన్నట్టున్నాయి. అందుకే కాలు వేలాడదీస్తే నీలం తిరుగుతోంది."

నాకు మగ్గమే తోచింది. తప్పు పడితే నేసిన పేకను వెనక్కి తీసేస్తాం. తీసిన చోట దారం ముక్కలు, నూగు పడి ఉంటాయి, పడుగు కూడా కొంత చెదిరి ఉంటుంది. తీసేసినంత మాత్రాన అది కొత్త పడుగు కాదు. ఆ మాట చెబితే, దాదాపు అంతే అన్నది.

"మరి స్కాన్ల ఏం లేదన్నరు?"

"గడ్డ ఉందా అని చూశారు. గడ్డ లేదు. కాలు ఎట్లా ఉందో చూడాలంటే కాలినే చూడాలి." చీటీ రాస్తూ అన్నది, "నీ ప్రాణం కాపాడింది కూడా ఆ ఎంజైమే. దాన్ని తిట్టుకోకు."

"దాన్నెందుకు తిడ్త మేడం. తిట్టాల్సినోళ్లు వేరే ఉన్నరు."

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. బిగుతైన మేజోడు వేసుకోవాలి, రోజూ నడవాలి, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టాలి, మాత్రలు ఎవరు చెప్పినా ఆపకూడదు. గుంతలో కాలు పెట్టనే కూడదు. మళ్లీ గడ్డకడితే ఈసారి దక్కుతావని నేను మాట ఇవ్వలేను అన్నది.

నేను తెలుసుకున్నది ఇదే, చదివేవాళ్లు కూడా తెలుసుకోండి. ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, తెల్లారినా తగ్గకపోతే అది మగ్గం కాలు కాదు. తోమించుకోవద్దు. ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. గడ్డ పోయింది అన్నాక కూడా నొప్పి ఉంటే ఆ నొప్పి నిజమే. కాగితంలో లేదని సిగ్గుపడి ఊరుకోవద్దు.

డిసెంబర్, గద్వాల

మేజోడు వేసుకుని గద్వాలకు తిరిగి వచ్చాను. నడవగలుగుతున్నాను. వేడి కొంచెం తగ్గింది. డాక్టరమ్మ చెప్పినదంతా వాకిట్లో కూర్చుని అత్తమ్మకూ మా ఆయనకూ చెప్పాను.

అత్తమ్మ మొత్తం విన్నది. "గడ్డను కరిగిచ్చేదే మంట పెడ్తదా? గిదేం ముచ్చట? ఇంట్ల దీపం పెట్టినోడే ఇల్లు కాలవెట్టినట్టున్నది" అన్నది.

"ఒక్కోసారి గట్లనే అయితది అత్తమ్మా."

మా ఆయన చేతిలోని పట్టు పోగులు పక్కన పెట్టాడు. నెలల తర్వాత ఆయన నోరు తెరిచాడు. నాకు ఆశ పుట్టింది.

"పల్లు ఒక్కటే ఉన్నది లలితా. నీ చెయ్యి పడ్డ చీర. గదొక్కటి దించు. మల్ల జన్మల నిన్ను మగ్గం ఎక్కమనను" అన్నాడు.

నేను లేచి మగ్గం గదిలోకి పోయాను. బట్ట తీశాను. చీర అట్లనే ఉంది, మామిడిపండు రంగు కొంచెం దుమ్ము పట్టింది. గూట్లోంచి కత్తెర తీసుకున్నాను. మా ఇళ్లలో నేస్తున్న చీర పడుగును మధ్యలో కోసేది ఒక్కప్పుడే, నేసే మనిషి చనిపోయినప్పుడు. అత్తమ్మకు అర్థమైంది. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టినట్టు చాచింది.

"అపశకునం పిల్లా. బతికున్న మనిషి కొయ్యొద్దు."

"నేను ఆగస్టులనే పోయిననుకో అత్తమ్మా."

మా ఆయన ఆమెను తప్పించుకుని లోపలికి వచ్చాడు. నా చేతిలోంచి కత్తెర లాక్కున్నాడు. "నువ్వు కొయ్యకు" అన్నాడు. అడ్డుపడుతున్నాడనుకున్నాను. తిట్టడానికి నోరు తెరిచాను కూడా. ఆయన గుంతలోకి దిగి, పనికిరాని భుజం చేతితో పడుగును పట్టుకుని, రెండో చేత్తో ఈ కొస నుంచి ఆ కొస దాకా కోసేశాడు. బిగిసి ఉన్న పోగులు ఒక్కసారిగా వదులయ్యాయి. అత్తమ్మ గడప మీద కూర్చుండిపోయింది.

నా కోపం అక్కడితో పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. ఆ పని చూసి కళ్లు తుడుచుకోవాల్సింది పోయి, నేను అన్నాను. "గిదే పని నువ్వు ఆగస్టుల చేసుంటే, నా ఊపిరితిత్తుల దాక గడ్డ పోయేది కాదు."

ఆయన గుంతలోనే నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

"ఎరుకనే. ఒక్క కాలే వాచిందని నేను గప్పుడే చూసిన" అన్నాడు.

నేను గదిలోంచి బయటికి వచ్చాను. చెప్పులు వేసుకుని వీధి చివరి దాకా నడిచాను. అక్కడి నుంచి ఇంకా ముందుకు, కాలు ఆగమనేదాకా నడిచాను.